పట్టు తప్పిన జట్టు

(పరాభవ నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం యిప్పుడే ముగిసింది. సిద్ధాంతిగారు కొత్త సంవత్సరం పేరు చదవగానే వెనుక వరుసలలో గుసగుసలు మా చెవిని పడ్డాయి. "పరాభవమా! యిదేమి పేరండీ పండుగపూట!" అని ఒక తల్లి అననే అన్నది. ఆమె బాధ మాకు తెలుసు. కాని అరవై పేర్లలో యిదీ ఒకటి. మన తాతలు దీనిని జాబితాలోనుంచి కొట్టివేయలేదు. పచ్చడిలో వేపపువ్వు వేసిన చేతులే యీ పేరునూ వుంచాయి. క్రిందటిసారి యీ పేరు 1966లో వచ్చింది. ఆ సంవత్సరమే విశాఖలో వుక్కు కర్మాగారం కావాలని తెలుగువారంతా ఆందోళన చేశారు. ప్రాణాలు పోయాయి. ఆ యేడు చేతికి దక్కినది కన్నీరే. అయినా 1971లో ఆ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. కనుక పరాభవమన్న పేరు విని దిగులు పడనక్కరలేదు. పరాభవాన్ని యెట్లా చూడాలో తెలుసుకుంటే చాలును.

కార్యవర్గంవారు మమ్మల్ని సాహిత్యాన్ని గురించి మాట్లాడమన్నారు. మేము చెడుగుడును గురించి మాట్లాడతామన్నాము. వారు ఒక క్షణం మా ముఖంవంక చూచి, పెద్దవాళ్ళము గనుక కాదనలేక సరే అన్నారు. అందుచేత యీ పదిహేను నిమిషాలూ మీరు మమ్మల్ని భరించవలసి వున్నది.

చెడుగుడు అంటే మీలో నలభై దాటినవారికి వేరే చెప్పనక్కరలేదు. వేసవి సెలవులు, వెన్నెల రాత్రి, వూరి బయట యిసుక నేల, కాలితో గీసిన గీత. కూత పెట్టి అవతలికి పోయినవాడు వూపిరి బిగబట్టి తిరిగి రావాలి. మోకాళ్ళు చీరుకుపోయి యింటికి వస్తే, అమ్మ పసుపు రాస్తూ తిట్టే తిట్లు ఆటలో ఒక భాగమే. ఆ ఆటే యిప్పుడు పట్టణాలలో రబ్బరు చాపలమీద, దీపాల వెలుగులో, టెలివిజన్ కెమెరాల నడుమ జరుగుతున్నది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ ఆరంభమైనప్పుడు యెనిమిది జట్లుండేవి. అందులో ఒకటి మన పేరు పెట్టుకున్నది, తెలుగు టైటాన్స్. మరొకటి మనము వుంటున్న వూరి పేరు పెట్టుకున్నది, బెంగళూరు బుల్స్. ఆనాటినుంచీ మన యిళ్ళలో ఒక చిన్న తగవు మొదలైనది. తాతగారు టైటాన్స్ అంటే మనుమడు బుల్స్ అంటాడు. 2015లో సెమీఫైనల్‌లో యీ రెండు జట్లే తలపడ్డాయి. బుల్స్ ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. ఆ రాత్రి మా యింట్లో సగంమంది అన్నం తినలేదు. మిగతా సగం రెండుసార్లు తిన్నారు.

అది దెబ్బే గాని, అవమానం కాదు. అసలు పరాభవం తరువాత వచ్చింది. అదీ మన ముంగిట్లోకే వచ్చింది.

2020లో కరోనా మూలంగా ఆ యేటి పోటీలు జరగలేదు. తిరిగి మొదలైనప్పుడు ఆటగాళ్ళను వూరూరా త్రిప్పడం క్షేమంకాదని పన్నెండు జట్లనూ ఒకే చోట వుంచారు. ఆ చోటు మన వైట్‌ఫీల్డు. 2021 డిసెంబరు 22 నుంచి 2022 ఫిబ్రవరి 25 వరకు పోటీలన్నీ అక్కడి ఒక పెద్ద హోటలులో ప్రేక్షకులు లేకుండా జరిగాయి. వైట్‌ఫీల్డు, మారతహళ్ళి, కృష్ణరాజపురం ప్రాంతాలలో తెలుగువారు యెందరున్నారో మీకు తెలియనిది కాదు. మన పేరు పెట్టుకున్న జట్టు మనకు కూతవేటు దూరంలో ఆడుతున్నది, మనము పోయి ఒక్క కేక వేయడానికి వీలులేదు! తలుపులు మూసిన గదిలో వారు ఓడిపోతుంటే, తలుపులు మూసిన గదులలో కూర్చుని మనము టెలివిజన్‌లో చూచాము. ఆ జట్టు ఆడినవి 22 ఆటలు. గెలిచినది ఒకటి. ఓడినవి 17. సమంగా ముగిసినవి 4. నమ్ముకున్న సిద్ధార్థ్ దేశాయ్ ఆరంభంలోనే గాయపడి దూరమయ్యాడు.

మరుసటి యేడు, 2022 అక్టోబరు 7న, కంఠీరవ లోపలి స్టేడియంలో తలుపులు తెరిచారు. మొదటి రోజునే బుల్స్‌తో టైటాన్స్ ఆట. చుట్టూ ఎర్రచొక్కాల సముద్రం. మధ్య ద్వీపంలాగా తెలుగు మాటలు వినిపించే పదిమంది. 34-29తో ఓడిపోయారు. ఆ యేడు 22 ఆటలలో గెలుపులు రెండు, ఓటములు ఇరవై. ఆ తరువాతి పోటీలకు అప్పటికి కనీవినీ యెరుగని ధర, రెండు కోట్ల అరవై లక్షల పైన పెట్టి పవన్ సెహ్రావత్‌ను తీసుకువచ్చారు. 2019 జనవరిలో బెంగళూరు బుల్స్‌కు కప్పు తెచ్చిపెట్టినవాడు అతడే. అతడు ఒట్టి చేతులతో రాలేదు. కూతకు వెళ్ళి రెండు వందలకు పైగా పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 ఆటలలో రెండే గెలిచింది. 19 ఓడింది. ఒకటి సమం.

మూడు పోటీలూ కలిపితే 66 ఆటలు, 5 గెలుపులు, 56 ఓటములు, 5 సమానాలు. మేము లెక్కల మాస్టరు ఉద్యోగం చేసినవారము గనుక యీ కూడిక తప్పుపోదు. తప్పుపోతే బాగుండునని రెండుసార్లు వేసి చూచాము.

ఇంత దిగజారడానికి కారణ మేమిటి? మా యింట్లో దీనిమీద చాలా వాదాలు జరిగాయి. మేము చూచినంతలో ఒక మాట చెప్పగలము. వారికి కూతకు పోయేవాడు లేకపోలేదు. వచ్చినవాణ్ణి పట్టేవారు కరువయ్యారు.

కొంచెం వివరిస్తాము. అమ్మలూ, ఓపిక పట్టండి. ఆట నలభై నిమిషాలు. పక్షానికి ఏడుగురు. కూతకు వచ్చినవాడికి ముప్పై సెకన్ల గడువు. అతడు ఒకణ్ణి తాకి గీత దాటితే ఒక పాయింటు. ఇద్దర్ని తాకితే రెండు. తాకబడినవారు బయటికి పోవాలి. అతణ్ణి పట్టి ఆపగలిగితే మనకొక పాయింటు, బయట కూర్చున్న మనవాడొకడు లోపలికి వస్తాడు. ముగ్గురో అంతకు తక్కువమందో మిగిలివుండి పట్టగలిగితే రెండు పాయింట్లు. ఇందులో గొప్ప చిక్కు ఒకటున్నది. వచ్చేవాడు ఒక్కడే గనుక అతడికి తన మనసొకటే. ఎదుట వున్నవారు ఏడుగురు గనుక ఏడు మనసులు. ఏడు మనసులూ ఒకే క్షణంలో ఒకే మాట అనుకోవాలి. మూలనున్నవాడు కాలు పట్టగానే పక్కవాడు నడుము పట్టాలి, ఆ పక్కవాడు గీతకు అడ్డం రావాలి. కాలు పట్టినవాడు తొందరపడి ఒంటరిగా దూకినా, పక్కవాడు ఒక్క క్షణం ఆలస్యమైనా, వచ్చినవాడు ఇద్దర్నీ వెంటబెట్టుకుని గీత దాటిపోతాడు. పట్టుబోయి పాయింటు యిచ్చినట్లవుతుంది.

ఇంకొక నియమం వున్నది. దీనిని జాగ్రత్తగా వినండి. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడవ కూతకు వచ్చినవాడు తప్పనిసరిగా యేదో ఒకటి సాధించాలి, లేదా అతడే బయటికి పోవాలి. అందుచేత తెలిసిన జట్టు మొదటి రెండు కూతలకూ ఆశపడదు. చేతులు చేతులు పట్టుకుని, వెనక్కు జరిగి, వలను బిగించకుండా సడలించకుండా నిలబడుతుంది. వాడు కవ్విస్తాడు, తొడ చరుస్తాడు, కాలు చాపి వెక్కిరిస్తాడు. కదలరు. మూడవసారి వాడే లోపలికి రాక తప్పదు. అప్పుడు పడుతుంది పట్టు. ఎదుటివాడిమీద ఒత్తిడి అనేది మీద పడటంవల్ల రాదు. రెండుసార్లు ఏమీ చేయకుండా కలిసి నిలబడటంవల్ల వస్తుంది. మన జట్టు ఓడిన ఆటలలో మేము పదేపదే చూచినది యిదే. మొదటి కూతకే ఒకడు దూకుతాడు. మిగిలినవారు వాడివంక చూస్తారు.

అమెరికాలో వున్న మా మేనల్లుడి కొడుకు అక్కడి కాలేజీలో చదువుతున్నాడు. వాళ్ళ కాలేజీకొక ఫుట్‌బాల్ జట్టు. ఆ ఫుట్‌బాల్ మనదికాదు, కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతులతో విసిరే ఆట. ఆ జట్టు ఓడిపోతే యీ కుర్రవాడు ఆదివారం ఫోనులో మాతో మొర పెట్టుకుంటాడు. "తాతయ్యా, మావాళ్ళు వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ దగ్గరికే పోలేకపోతున్నారు" అంటాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి పట్టుకుని యెవరికి అందించాలో నిర్ణయించేవాడు. అతడికి రెండు మూడు సెకన్లు నిమ్మళంగా నిలబడే వ్యవధి దొరికితే చాలును, దూరాన పరుగెత్తేవాడికి బంతి చేరవేస్తాడు. అతణ్ణి తొందరపెట్టడమే యెదుటి పక్షం పని. మామూలుగా నలుగురు ముందుకు తోసుకుపోతారు, మిగిలిన ఏడుగురు వెనుక కాపలా కాస్తారు. నలుగురివల్ల కాకపోతే ఆరుగురిని పంపవచ్చును. కాని అప్పుడు వెనుక పొలానికి కంచె వుండదు.

"మరి మీ కోచి యేమంటాడురా?" అని అడిగాము. "మొదటి రెండుసార్లు సరిగ్గా ఆపితే మూడోసారి వాడు బంతి విసరక తప్పదు, అప్పుడు పట్టుకోవచ్చు అంటాడు తాతయ్యా" అన్నాడు. వారి ఆటలో నాలుగు ప్రయత్నాలలో పది గజాలు సాగాలట. మేము ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాము. ఏడు సముద్రాల అవతల కూడా మూడవ కూత మహిమ యిదేనన్నమాట! ఆట మారినా, బంతి మారినా, దేశం మారినా, మొదటి రెండుసార్లు ఓపిక పట్టలేనివాడికి మూడవసారి పట్టు చిక్కదు.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న మాకు తెలుసు. "ఇంతకూ ఆ జట్టు మనదెట్లా అయింది? ఆడేవారు హర్యానావారు, మహారాష్ట్రులు. పేరొక్కటే తెలుగు" అని. మా అబ్బాయే మమ్మల్ని యీ మాట అడిగాడు. నాన్నా, బుల్స్ అన్నా వూరిపేరు పెట్టుకున్నారు, మనము తింటున్నది యీ వూరి అన్నం గదా అన్నాడు. వెంటనే జవాబు తోచలేదు. ఆలోచించగా తోచినది చెబుతున్నాము. రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్‌వాడు. ఆరు పోటీలు మన పేరుమీద కూత పెట్టాడు. మనము గోదావరినుంచి, కృష్ణనుంచి, రాయలసీమనుంచి, తెలంగాణమునుంచి వచ్చి కన్నడిగుల నడుమ బ్రతుకుతున్నాము. వారు పరాయి వూరినుంచి వచ్చి మన పేరుకోసం మోకాళ్ళు పగులగొట్టుకున్నారు. మనము పరాయి వూరికి వచ్చి యీ వూరి కోసం చెమటోడుస్తున్నాము. వలస వచ్చినవాడి కష్టం వలస వచ్చినవాడికే తెలియాలి. కనుక మా అబ్బాయి బుల్స్ అని కేకవేస్తే మాకు కోపం లేదు. అతడు పుట్టిన వూరు యిది. కాని అతడికి టైటాన్స్ అన్న పేరు వెనుక వున్న భాష రాకపోతే మాత్రం దుఃఖం వున్నది. ఆ తప్పు అతడిది కాదు. మాది.

సోదర సోదరీమణులారా, మేము వచ్చినది యిక్కడికే. ఆ జట్టు చేసిన పొరపాటు మన సంఘంలో లేదా అని మేము మమ్మల్నే ప్రశ్నించుకున్నాము. మేము కూడా యీ కార్యవర్గంలో కొన్నేళ్ళు వున్నవారమే గనుక యెవరినీ వేలెత్తి చూపడం లేదు. ప్రతి ఉగాదికీ మనము పేరున్న వ్యక్తినొకర్ని పిలవాలని తాపత్రయపడతాము. విమానం టిక్కెట్టు, పూలదండ, శాలువ, ఫొటోలు. హాలు నిండుతుంది. అది మన ఖరీదైన కూత. పాయింట్లు వస్తాయి, చప్పట్లు వస్తాయి. తప్పు లేదు. కాని ఆదివారం ప్రొద్దున్న పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే తరగతి వున్నదే, అది మన పట్టు. కరోనాకు ముందు ఆ తరగతికి ముప్పైమంది వచ్చేవారు. ఆగిపోయి తిరిగి మొదలుపెట్టినప్పుడు పదకొండుమంది వచ్చారు. ఇప్పుడు నలుగురు. చెప్పే అమ్మగారు ఒక్కరే. వర్షం వచ్చినా, బస్సు రాకపోయినా, ఆమె పలకా బలపం పట్టుకుని వచ్చి కూర్చుంటున్నది. మూలనున్న ఆటగాడు ఒక్కడే కాలు పట్టుకుని వ్రేలాడుతున్నట్లున్నది ఆమె పరిస్థితి. పక్కవారమంతా చూస్తున్నాము. ఆమె చేయి జారితే, "అయ్యో, పట్టు తప్పిందే!" అనడానికి మనము తయారుగా వున్నాము.

అట్లా అని ఆశ వదలుకోనక్కరలేదు. ఆ జట్టు కథ అక్కడితో ఆగలేదు గదా. వైట్‌ఫీల్డులో 2022లో కప్పు గెలిచినది ఢిల్లీ జట్టు. వారికి శిక్షణ యిచ్చిన కృష్ణకుమార్ హుడా 2024లో టైటాన్స్‌కు వచ్చాడు. ఆ యేడు అక్టోబరు 18న హైదరాబాదు గచ్చిబౌలిలో జరిగిన మొదటి ఆటలోనే బుల్స్‌ను 37-29తో ఓడించారు. 22 ఆటలలో 12 గెలిచారు. అయిదు గెలుపులకు మూడు పోటీలు పట్టిన జట్టు ఒక్క పోటీలో పన్నెండు గెలిచింది! అయినా ఆఖరి దశకు చేరలేదు. 2025లో విశాఖలో ఆరంభపు ఆట ఓడి కూడా కూలిపోలేదు. ఆఖరి దశలో బుల్స్‌ను, పాట్నాను ఓడించి, పూణే జట్టు చేతిలో ఓడి, ఫైనలుకు ఒక్క మెట్టు క్రింద ఆగారు. కప్పు రాలేదు. ఇప్పటికీ రాలేదు. కాని ఆ యేడు పవన్ సెహ్రావత్ వారి జట్టులో లేడన్న సంగతి గమనించండి. విజయ్ మలిక్ నాయకుడు, భరత్ తోడు, వెనుక పట్టు పట్టే చేతులు.

పొరుగువారి సంగతి కూడా చెప్పకపోతే ధర్మం కాదు. మనము పుంజుకున్న 2024లోనే బుల్స్ 22 ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచారు. మేము మా అబ్బాయిని యేడిపిద్దామని నోరు తెరిచి, 66 ఆటల లెక్క గుర్తుకువచ్చి మూసుకున్నాము. మరుసటి యేడు కన్నడిగుడే అయిన బి.సి. రమేశ్ శిక్షణలో వారూ లేచి నిలబడ్డారు. పరాభవం ఒకరి సొత్తు కాదు. 1990నుంచి ఆసియా క్రీడలలో ప్రతిసారీ బంగారు పతకం తెచ్చిన మన దేశపు పురుషుల జట్టే 2018లో జకార్తాలో ఇరాన్ చేతిలో ఓడిపోయింది. ఆ పతకం తిరిగి రావడానికి 2023 వరకు ఆగవలసి వచ్చింది. ఆనాటి నాయకుడు యెవరనుకున్నారు? తెలుగు జట్టులో చేరబోతున్న ఆ పవన్ సెహ్రావతే.

మేము యేమి కోరుతున్నామో చెప్పి కూర్చుంటాము. వచ్చే ఉగాదికి పెద్ద అతిథిని పిలవండి, వద్దనము. కాని ఆదివారం తరగతికి యింటికొకరు వంతు వేసుకుని రండి. పాఠం చెప్పలేనివారు పిల్లలను బండిమీద తీసుకువచ్చి దింపండి. దింపే బండి లేనివారు పిల్లలకు యిడ్లీలు పెట్టండి. అదీ చేతకానివారు, మావంటి ముసలివారు, ప్రక్కన కూర్చుని ర, "ఱెక్క"లో ఱ యెందుకు వేరో చెప్పండి. మొదటి నెల ఫలితం కనపడదు. రెండవ నెలా కనపడదు. కొందరు వెక్కిరిస్తారు, ఇంగ్లీషు వుండగా యిదెందుకంటారు. అవి ఖాళీ కూతలు. దూకకండి, చెదరకండి, చేయి వదలకండి. మూడవ కూత మనది.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు తరగతి వున్నది. మేము వస్తున్నాము. మా అబ్బాయిని కూడా తీసుకువస్తున్నాము. బుల్స్ చొక్కా వేసుకునే వస్తానన్నాడు. రానివ్వండి. పలక మీద తన పేరు తెలుగులో రాసి చూపితే ఆ చొక్కాతోనే ముద్దుపెట్టుకుంటాము.

మీ అందరికీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.